యాంటీబాడీ తగ్గిందంటే, ఎలా తగ్గింది? పంది కిడ్నీ, సహజ యాంటీబాడీలు, మందులు

(శ్రీకాకుళంలో ల్యాబ్ టెక్నీషియన్లు, డయాలసిస్ నర్సులు, డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది. తడబాట్లు తప్ప ఏమీ తీయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. బోర్డు మీద రెండు మూడు లెక్కలు వేస్తాను, అవి అందరికీ కనబడాలి.

పంది కిడ్నీ గురించి శ్రీకాకుళంలో మాట్లాడటం దేనికి అని ఎవరైనా అడిగితే, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చినవాళ్లే జవాబు చెబుతారు. కిడ్నీ జబ్బు ఎక్కువున్న ఆ ఉద్దానం ప్రాంతంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎంత దెబ్బతిందో చెప్పే రక్తపరీక్ష అంకె) అన్న మాట బడి మొహం చూడని ముసలమ్మకి కూడా తెలుసు. ఎంతుందో అంకెతో సహా చెబుతుంది. డయాలసిస్ మీద ఉన్న మనిషికి కిడ్నీ మార్చాలంటే ఇచ్చేవాళ్లు కావాలి. మరి ఇక్కడి కష్టం ఏమిటి? ఇద్దామని ముందుకొచ్చిన తల్లికో అన్నకో పరీక్ష చేస్తే, వాళ్లకీ అదే జబ్బు మొదలై ఉండొచ్చు. కాబట్టి అమెరికాలో పంది కిడ్నీ పెట్టారని పేపర్లో పడగానే మనవాళ్లు అడుగుతారు, మనకెప్పుడొస్తుందని. అడగాలి కూడా. కానీ ఆ ప్రశ్నకి ముందు ఇంకో ప్రశ్న ఉంది. మన ఒంట్లో పుట్టుకతోనో, పుట్టిన కొన్ని నెలలకో చేరి కూర్చున్న యాంటీబాడీలు, అంటే పరాయిదాన్ని గుర్తుపట్టి అంటుకునే ప్రొటీన్లు, ఆ కిడ్నీని ఏం చేస్తాయి? వాటి మీద మందులు పనిచేస్తాయా, చెయ్యవా? ఈరోజు ఆ ఒక్కటే చెబుతాను.

సహజ యాంటీబాడీ అంటే ఏమిటి? బ్లడ్ బ్యాంకులో పనిచేసేవాళ్లకి ఇది రోజూ కనబడే సంగతే. ‘ఓ’ (O) గ్రూపు మనిషికి జీవితంలో ఎప్పుడూ ‘ఏ’ (A), ‘బీ’ (B) గ్రూపుల రక్తం ఎక్కించలేదు. అయినా అతని సీరంలో, అంటే రక్తం గడ్డ కట్టాక పైన తేలే నీళ్లలో, ఆ గ్రూపులకి వ్యతిరేకమైన యాంటీ-ఏ, యాంటీ-బీ యాంటీబాడీలు ఉంటాయి. 1901లో రక్త గ్రూపులు కనిపెట్టిన లాండ్‌స్టైనర్ చూపించింది ఇదే. ఎక్కడ్నుంచి వచ్చాయి? ఏ, బీ గ్రూపుల గుర్తులంటే ఎర్రకణాల మీద ఉండే చక్కెరలే, పేగుల్లో ఉండే బాక్టీరియా మీద కూడా ఆ చక్కెరల్లాంటివే ఉంటాయి. వాటిని చూసి ఒళ్లు యాంటీబాడీ తయారు చేసుకుంటుంది. పంది విషయంలోనూ అదే. పంది కణాల మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది. కుక్కకీ ఆవుకీ ఎలకకీ ఉంటుంది. మనకీ, చింపాంజీలకీ, బబూన్ లాంటి ఆఫ్రికా, ఆసియా కోతులకీ లేదు. దాన్ని అతికించే ఎంజైము జన్యువు మన పూర్వీకుల్లో 2 కోట్ల ఏళ్లకు పైగా ముందే చెడిపోయింది. మనకి లేదు గనక పేగు బాక్టీరియా మీద అది కనబడితే పరాయిదని గుర్తుపడతాం. 1984లో గలిలి అనే శాస్త్రవేత్త బృందం ఆల్ఫా-గాల్‌కి అంటుకునే ఈ యాంటీబాడీని, యాంటీ-గాల్‌ని, గుర్తించింది. మన రక్తంలో తిరిగే యాంటీబాడీల్లో దాదాపు 1 శాతం ఇదొక్కటే. ఒకే ఒక్క చక్కెర కోసం 1 శాతం! ఇది చిన్న సంఖ్య కాదండి.

మామూలు పంది కిడ్నీని మనిషికో బబూన్‌కో పెట్టి, రక్తం ఆపిన క్లాంపు వదిలితే ఏమవుతుందో ఒకసారి కళ్ల ముందు పెట్టుకోండి. ముందు గులాబీ రంగులోకి వస్తుంది, బిగువుగా ఉంటుంది. మూత్రం చుక్క కూడా కనబడొచ్చు. కొన్ని నిమిషాల్లో పైన నీలి మచ్చలు లేస్తాయి. ఆ మచ్చలు కలిసిపోతాయి, కిడ్నీ మెత్తబడుతుంది, మూత్రం ఆగుతుంది, నల్లబడిపోతుంది. లోపల జరిగిందేమిటి? యాంటీబాడీల్లో ఐజీఎం, ఐజీజీ అని రకాలున్నాయి, వాటిలో ఐజీఎం రక్తనాళం లోపలి గోడకి అంటుకుంది. ఐజీఎంకి అయిదు జతల చేతులుంటాయి, ఒక్క అణువు సరిగ్గా అతుక్కుంటే చాలు కాంప్లిమెంట్, అంటే కణాల్ని చిల్లులు పొడిచే రక్త ప్రొటీన్ల గుంపు, రాజుకోవడానికి. గోడ కణాలు విచ్చుకున్నాయి, రక్తం బయటికి కారింది, నాళాల్లో గడ్డ కట్టింది. దీన్నే హైపర్ అక్యూట్ రిజెక్షన్ అంటారు, అంటే ఒళ్లు పరాయి అవయవాన్ని అప్పటికప్పుడే తిప్పికొట్టడం. ఇక్కడ టీ కణాలకి, అంటే పరాయి కణాల్ని గుర్తుపట్టి పోరాడే తెల్లకణాలకి, ఇంకా పనే మొదలవలేదు. అందుకే టీ కణాల్ని అణిచే టాక్రోలిమస్ మందు ఎంత ఇచ్చినా ఈ మొదటి దెబ్బ ఆగదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు అసలు విషయం. ఏదో మందు ఇచ్చారు, యాంటీబాడీ టైటర్, అంటే సీరాన్ని ఎంత పలచబరిచేదాకా యాంటీబాడీ కనబడుతుందో చెప్పే అంకె, తగ్గింది అని రిపోర్టు వచ్చింది. అందరూ సంతోషపడతారు. నేనేమంటానంటే, సంతోషపడే ముందు అడగండి, ఎలా తగ్గింది?

ఒక నుయ్యి అనుకోండి. నూతిలో నీళ్లు తగ్గాయి. ఎందుకు తగ్గాయి? చేదలతో తోడేసి ఉండొచ్చు. ఊట ఆగి ఉండొచ్చు. పక్కన ఎవరో మోటారు పెట్టి లాగేస్తూ ఉండొచ్చు. లేదా నీళ్లు అలాగే ఉండి, చూడటానికి మనం వేసిన తాడే పొట్టిదై ఉండొచ్చు. నాలుగూ వేరు వేరు సంగతులు. నాలుగింటికీ రిపోర్టులో మాత్రం ఒకటే అంకె కనబడుతుంది. నా మాటంతా ఇక్కడే ఉంది. ఈ రంగంలో ఎన్నో ఏళ్ల శ్రమ ఈ నాలుగింటినీ విడదీసి చూడటానికే పోయింది.

తోడటం

ముందు తోడటం సంగతి. ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్ అంటే రక్తంలోంచి ప్లాస్మా, అంటే కణాలు కాకుండా మిగిలే ద్రవం, తీసేసి, బదులుగా అల్బుమిన్ అనే ప్రొటీన్ ద్రావణం ఎక్కించడం. ఎంత తియ్యాలి? 60 కిలోల మనిషి. కిలోకి 70 మిల్లీలీటర్ల చొప్పున రక్తం 4,200 మిల్లీలీటర్లు. ఆరోగ్యంగా ఉన్నవాడికి హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 45 అనుకుంటే ప్లాస్మా 2,310. మన డయాలసిస్ మనిషికి రక్తహీనత ఉంటుంది కదా, హెమటోక్రిట్ 25 అనుకోండి. అప్పుడు ప్లాస్మా ఎంత? 3,150. చూశారా, అదే బరువు, 840 మిల్లీలీటర్లు తేడా. బరువొక్కటే చూసి లెక్క కడితే తక్కువ తోడతాం.

ఒక ప్లాస్మా పరిమాణం మార్చితే నాళాల్లో ఉన్నదాంట్లో 63 శాతం పోతుంది, 37 మిగులుతుంది. మొత్తం ఎందుకు పోదు అని ఎవరైనా అడుగుతారా? తీస్తూనే కొత్త ద్రావణం కలుపుతున్నాం, కాబట్టి చివర్లో తీసేది అప్పటికే పలచబడ్డ ప్లాస్మా. అందుకే రెండింతలు తీసినా రెట్టింపు లాభం రాదు.

ఇక్కడ ఐజీఎం, ఐజీజీ విడిపోతాయి. ఐజీఎం పెద్ద అణువు, దాదాపు 80 శాతం రక్తనాళాల్లోనే ఉంటుంది. ఐజీజీ అలా కాదు, 45 శాతమే నాళాల్లో, మిగతాది కణజాలంలో. లెక్క వెయ్యండి. ఒక్క ఎక్స్‌ఛేంజ్‌తో ఒంట్లోని మొత్తం ఐజీఎంలో 50 శాతం పోయింది. ఐజీజీలో పోయింది 28 శాతమే. పూర్తవగానే రక్తం తీసి చూస్తే రెండూ 37కి దిగినట్టు కనబడతాయి. ఒకటి రెండు రోజులాగి చూడండి, కణజాలంలోని ఐజీజీ మళ్లీ నాళాల్లోకి ఊరుతుంది. 37 దగ్గరున్నది 70 దాటుతుంది. కొత్తగా ఒక్క అణువు కూడా తయారవకుండానే! అందుకే రోజు విడిచి రోజు మూడు నాలుగుసార్లు చేస్తారు. ఎప్పుడు శాంపిల్ తీశారో రాయకపోతే ఆ టైటర్‌కి అర్థం లేదు. చేసిన అరగంటకా, మర్నాడు పొద్దుటా? నర్సమ్మలు దయచేసి టైము రాయండి, తేదీ ఒక్కటే చాలదు.

ఇంకో ప్రమాదం చెబుతాను. కొన్నిచోట్ల రక్తస్రావం భయంతో అల్బుమిన్ బదులు ఫ్రెష్ ఫ్రోజెన్ ప్లాస్మా ఎక్కిస్తారు. అది న్యాయమైన భయమే, ఎందుకంటే ఎక్స్‌ఛేంజ్‌తో రక్తం గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ కూడా పడిపోతుంది. కానీ ఆ ప్లాస్మా ఎవరిది? ఇంకో మనిషిది. ఆ మనిషికీ యాంటీ-గాల్ ఉంది. కాంప్లిమెంట్ కూడా ఉంది. ఈ చేత్తో తోడింది ఆ చేత్తో పోసినట్టు. మామూలు పంది అవయవం మీద పరిశోధన చేస్తున్నప్పుడు ఇది ప్రయోగం మొత్తాన్నీ పాడుచేస్తుంది.

ఇదే పొరపాటు పెద్ద రూపంలో ఐవీఐజీతో వస్తుంది. ఐవీఐజీ అంటే వేలమంది దాతల ప్లాస్మా కలిపి తీసిన ఐజీజీ. మనిషి కిడ్నీ మార్పిడిలో యాంటీబాడీ తగ్గించడానికే దాన్ని వాడతారు, కిలోకి 2 గ్రాముల దాకా. కానీ వేలమంది దాతల్లో పంది కణాలకి అంటుకునే యాంటీబాడీ లేకుండా ఉంటుందా? 2022 జనవరిలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో జన్యువులు మార్చిన పంది గుండె పెట్టిన మొదటి మనిషి రెండు నెలలు బతికాడు. ఆయనకి ఇన్ఫెక్షన్ల మధ్య ఐవీఐజీ ఇచ్చారు. తరవాత పరిశీలించి రాసిన వ్యాసంలో, ఆ ఐవీఐజీలో పంది కణాలకి అంటుకునే యాంటీబాడీలున్నాయనీ, గుండె దెబ్బతినడానికి అదొక కారణమై ఉండొచ్చనీ రాశారు. ఆ గుండెలో పంది సైటోమెగాలో వైరస్ కూడా దొరికింది, కాబట్టి ఒక్కదాని మీద నెపం పెట్టలేం. కానీ పాఠం మాత్రం స్పష్టం. ఇచ్చే ముందు ఆ బ్యాచ్‌ని పంది కణాల మీద పరీక్ష చెయ్యాలి.

తోడే పద్ధతుల్లో కొత్తది ఇమ్లిఫిడేజ్. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా నుంచి వచ్చిన ఎంజైము. ఐజీజీని మధ్యలో కత్తిరిస్తుంది, కొన్ని గంటల్లో రక్తంలోని ఐజీజీ దాదాపు అంతా ముక్కలవుతుంది. అద్భుతమే. కానీ ఐజీఎంని ముట్టదు! సహజ యాంటీబాడీల్లో మొదటి దెబ్బ ఎవరిదన్నాను? ఐజీఎందే. పైగా అది మంచి ఐజీజీ, చెడ్డ ఐజీజీ అని చూడదు. అవయవ మార్పిడిలో మందుగా ఇచ్చే రిటక్సిమాబ్ కూడా ఐజీజీనే, టీ కణాల్ని చంపడానికి కుందేలు నుంచి తీసే ఏటీజీ కూడా ఐజీజీనే. కొన్ని రోజుల ఎడం లేకుండా ఇస్తే ఆ మందుల్నీ కత్తిరించి పారేస్తుంది. కాబట్టి ఏ మందు ఇచ్చారన్నది ఎంత ముఖ్యమో, ఏది ముందు ఏది వెనక అన్నదీ అంతే ముఖ్యం.

ఊట

తోడటం అయింది. ఊట సంగతేమిటి? ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇన్ని మందులు రోగనిరోధక శక్తిని అణుస్తున్నాయి కదా, మరి యాంటీబాడీ ఎందుకు పోదు?

ఒక్కో మందు ఎవరి మీద పనిచేస్తుందో చూడండి. సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ టీ కణాల మీద పనిచేస్తాయి. సహజ యాంటీబాడీ చాలావరకు టీ కణాల సాయం లేకుండానే తయారవుతుంది. అజాథయోప్రిన్, మైకోఫినోలేట్, సైక్లోఫాస్ఫమైడ్ ప్రధానంగా విభజన చెందుతున్న కణాల్ని ఆపుతాయి. యాంటీబాడీని పోస్తున్న ప్లాస్మా కణం విభజన చెందదు. ఎముక మజ్జలో కదలకుండా కూర్చుని ఏళ్ల తరబడి యాంటీబాడీ పోస్తూనే ఉంటుంది. రిటక్సిమాబ్ పైన సీడీ20 అనే గుర్తు ఉన్న బీ కణాల్ని చంపుతుంది, ప్లాస్మా కణాలుగా మారేవి ఈ బీ కణాలే. ప్లాస్మా కణం మీద సీడీ20 లేదు. కాబట్టి ఏం జరుగుతుంది? రిటక్సిమాబ్ ఇచ్చాక రక్తంలో బీ కణాలు సున్నా, నెలల తరబడి సున్నా. యాంటీబాడీ మాత్రం పెద్దగా కదలదు. బీ కణాలు సున్నా అయ్యాయి గనక యాంటీబాడీ సమస్య తీరిందని రాస్తే అది తప్పు.

మరి ప్లాస్మా కణాన్నే కొట్టే మందులు లేవా? ఉన్నాయి. బోర్టెజోమిబ్ ఉంది. ప్లాస్మా కణం రాత్రింబవళ్లు ప్రొటీన్ తయారు చేస్తుంది, పాడైన ప్రొటీన్‌ని పారేసే దారి మూసేస్తే ఆ చెత్తలోనే చచ్చిపోతుంది. ఒంటి ఉపరితలం చదరపు మీటరుకి 1.3 మిల్లీగ్రాములు, 1, 4, 8, 11 రోజుల్లో. మల్టిపుల్ మైలోమా (ప్లాస్మా కణాల క్యాన్సర్) వార్డులో చూసినవాళ్లకి దాని బాధలు తెలుసు. కాళ్లూ చేతులూ తిమ్మిర్లు, ప్లేట్‌లెట్లు పడిపోవడం. డయాలసిస్ మనిషికి నరాల తిమ్మిరి ముందే ఉంటుంది, దాని మీద ఇది. ప్లాస్మా కణం మీదుండే సీడీ38 అనే గుర్తు మీద పనిచేసే డారాటుముమాబ్ కూడా ఉంది. ఇవి కొంత తగ్గిస్తాయి, ఊటని పూర్తిగా ఆర్పవు. మజ్జలో మిగిలినవి పోస్తూనే ఉంటాయి. పైగా పేగుల్లో బాక్టీరియా రోజూ ఉసిగొల్పుతూనే ఉంటుంది, దాన్ని మనం తీసెయ్యలేం కదా.

1990ల్లో బబూన్ల మీద చెయ్యని ప్రయత్నం లేదు. ప్లీహం తీసేశారు, సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చారు, రక్తాన్ని ఆల్ఫా-గాల్ అతికించిన కాలమ్ గుండా పంపి ఆ ఒక్క యాంటీబాడీనే పీల్చేశారు. కాలమ్‌తో బాగా దిగింది. ఆపేసిన కొన్ని రోజులకి మళ్లీ ఎక్కింది. ఐజీఎం సగజీవితం 5 రోజులే, ఐజీజీది 3 వారాలు. సగజీవితం 5 రోజులంటే ఒళ్లు దాన్ని రోజూ అంత వేగంగా పోస్తూ ఉందని అర్థం. తోడటం ఆపితే నిండటానికి ఎంతసేపు?

అలాగని మందులు పనికిరావని కాదు, అపార్థం చేసుకోకండి. సహజ యాంటీబాడీ వేరు, అవయవం పెట్టాక దాన్ని చూసి కొత్తగా పుట్టే యాంటీబాడీ వేరు. రెండోదానికి టీ కణాల సాయం కావాలి. సీడీ40, సీడీ154 అనే రెండు అణువుల మధ్య మాట కలవనివ్వకపోతే అది పుట్టదు. బబూన్లలో సీడీ154ని ఆపినప్పుడు సరిగ్గా ఇదే కనబడింది. కొత్త యాంటీబాడీ రాలేదు, పాత సహజ యాంటీబాడీ మాత్రం ఉన్నచోటే ఉంది. ఒకే మందు, ఒకే సీరం, రెండు యాంటీబాడీలకి రెండు ఫలితాలు. ఆ మందు మొదటి రకాలు మనుషుల్లో రక్తం గడ్డలు కట్టించాయి, అందుకని దాని తోక భాగం మార్చి కొత్తవి చేశారు. ఇప్పటి పంది కిడ్నీ ఆపరేషన్లలో వాడుతున్నవి అవే.

మోటారు, పొట్టి తాడు

మూడోది, పక్కన మోటారు పెట్టి లాగడం. ఆ మోటారు ఏది? పెట్టిన కిడ్నీయే! కిడ్నీలో నాళాల లోపలి గోడ ఎంత విశాలమో ఆలోచించండి. యాంటీబాడీ అంతా వెళ్లి దానికి అతుక్కుపోతుంది. రక్తంలో చూస్తే టైటర్ పడిపోయింది. మందు పనిచేసిందని రాస్తారు. మందు కాదు, కిడ్నీ పీల్చేసింది. దీన్ని ఎలా పట్టుకోవాలి? బయాప్సీ ముక్క మీద ఐజీఎం, ఐజీజీ, సీ4డీ (కాంప్లిమెంట్ రాజుకున్నచోట మిగిలే ముక్క) రంగు వేసి చూడాలి. లేదంటే కిడ్నీ తీసేశాక మళ్లీ టైటర్ చూడాలి. అప్పుడు ఒక్కసారిగా ఎక్కితే అప్పటిదాకా ఎక్కడ దాక్కుందో తెలిసిపోతుంది.

నాలుగోది పొట్టి తాడు, అంటే పరీక్షే కళ్లు మూసుకోవడం. ల్యాబ్‌వాళ్లు ఇది జాగ్రత్తగా వినండి, ఇది పూర్తిగా మన చేతుల్లో ఉన్న పని.

ఎక్యులిజుమాబ్, రావులిజుమాబ్ లాంటి మందులు కాంప్లిమెంట్‌లో సీ5 అనే ప్రొటీన్‌ని ఆపుతాయి. యాంటీబాడీని తగ్గించవు, యాంటీబాడీ చేసే నష్టాన్ని ఆపుతాయి. ఇంతకుముందు ప్రయోగాల్లో నాగుపాము విషం నుంచి తీసిన పదార్థంతో సీ3 అనే ఇంకో కాంప్లిమెంట్ ప్రొటీన్‌ని ఖర్చు చేయించి ఇదే పని చేశారు. ఇప్పుడు ఆ మందు మీదున్న మనిషి సీరం తీసుకుని, అందులోని కాంప్లిమెంట్‌తోనే పంది కణాలు చస్తాయా అని చూశారనుకోండి. చావవు. యాంటీబాడీ లేదని రాస్తారు. ఉంది! గుండు ఉంది, తుపాకీ గుర్రమే లేదు. అదే సీరంతో ఫ్లో సైటోమెట్రీ (కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ కాంతిలో చూసే పరీక్ష) చేసి కణానికి ఐజీఎం, ఐజీజీ అంటుకుందా అని చూస్తే కనబడుతుంది. కాబట్టి కణాలు చచ్చాయా అన్న పరీక్ష ఒక్కటే ఎప్పుడూ చెయ్యకూడదు, అంటుకుందా అన్నది కూడా పక్కన ఉండాలి.

తిరగబడ్డ తప్పులు కూడా ఉంటాయి. డారాటుముమాబ్ ఎర్రకణాల మీద సీడీ38కి అంటుకుని బ్లడ్ బ్యాంకులో యాంటీబాడీ స్క్రీన్ మొత్తం పాజిటివ్ చూపిస్తుంది. రిటక్సిమాబ్ మనిషి కణాలతో చేసే బీ-సెల్ క్రాస్‌మ్యాచ్‌ని, అంటే రోగి సీరం దాత బీ కణాలకి అంటుకుంటుందా అని చూసే పరీక్షని, తప్పుగా పాజిటివ్ చేస్తుంది. రిక్వెస్ట్ ఫారం మీద ఏ మందు, ఏ తేదీన ఇచ్చారో లేకపోతే ల్యాబ్‌వాళ్లకి ఇది తెలిసే దారే లేదు.

చిన్న ల్యాబ్‌లో కూడా చేసి చూడగలిగిన పరీక్ష ఒకటుంది, డిగ్రీ పిల్లలు రాసుకోండి. కుందేలు ఎర్రకణాల మీద ఆల్ఫా-గాల్ దండిగా ఉంటుంది. వాటిని సెలైన్‌తో మూడుసార్లు కడిగి 2 శాతం సస్పెన్షన్ చెయ్యాలి. మనిషి సీరాన్ని రెట్టింపు చొప్పున పలచబరుస్తూ వెళ్లాలి, 1కి 2, 4, 8, అలా 512 దాకా. సమానంగా కణాలు కలిపి, గది వేడిమిలో ఒక గంట ఉంచి, ఎక్కడిదాకా గుత్తులు కట్టిందో చూడాలి. తేలికే. కానీ ముందు సీరాన్ని 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచకపోతే ఏమవుతుంది? మనిషి కాంప్లిమెంట్ కుందేలు కణాల్ని పగలగొట్టేస్తుంది. గుత్తుల బదులు ఎర్రటి నీళ్లు కనబడతాయి. గుత్తి లేదు గనక నెగెటివ్ అని రాసే ప్రమాదం అక్కడుంది. ఐజీఎం ఎంత, ఐజీజీ ఎంత అని విడదియ్యాలంటే ఇంకో భాగాన్ని డీటీటీ అనే రసాయనంతో కలిపి చెయ్యాలి, అది ఐజీఎంని విరిచేస్తుంది. మిగిలిన గుత్తి ఐజీజీది.

ఒక గొట్టం తేడాకి అర్థం వెతక్కండి. 256 నుంచి 128కి దిగితే అది చెయ్యి తేడా కూడా కావచ్చు. ఇందాకటి లెక్క గుర్తుందా? ఒక ఎక్స్‌ఛేంజ్‌తో సర్దుకున్నాక ఐజీఎం సగమైంది, అంటే నిజంగా తగ్గినా ఒక్క గొట్టమే. ఆ తేడా నమ్మాలంటే ముందు శాంపిల్, తరవాత శాంపిల్ రెండూ ఫ్రీజర్లో దాచి, ఒకే రోజు, ఒకే కుందేలు కణాలతో, పక్కపక్క వరసల్లో చెయ్యాలి. సోమవారం ఒకటి, శుక్రవారం ఒకటి చేసి పోల్చకూడదు. దాచేటప్పుడు చిన్న చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80లో పెట్టండి. ఒకే గొట్టాన్ని నాలుగుసార్లు కరిగించి గడ్డకట్టిస్తే ఐజీఎం చెడుతుంది, మళ్లీ మందు తగ్గించిందనే అనుకుంటాం.

పెంచే మందు, తీసేసిన చక్కెర

తగ్గించే మందుల గురించే చెప్పుకుంటూ వచ్చాను. పెంచేవి కూడా ఉన్నాయి. ఏటీజీని మనిషి థైమస్ కణాలు కుందేలుకి ఎక్కించి, దాని రక్తంలోంచి తీస్తారు. ఆ కుందేలు ఐజీజీ మీద ఆల్ఫా-గాల్, న్యూ5జీసీ అనే చక్కెరలుంటాయి. న్యూ5జీసీ కూడా మనకి లేనిదే. మధుమేహం మొదటి రకం ఉన్నవాళ్లకి, వేరే అణిచే మందులేవీ లేకుండా ఏటీజీ ఇచ్చి చూసినప్పుడు, ఈ రెండు చక్కెరల మీదా యాంటీబాడీలు పెరిగాయి. టీ కణాల్ని చంపడానికిచ్చిన మందు, పందికి వ్యతిరేకమైన యాంటీబాడీని పెంచిందన్నమాట. ఇది తెలుసుకోకుండా టైటర్ ఎందుకు ఎక్కిందా అని కిడ్నీలో కారణం వెతికితే దొరుకుతుందా?

ఊట ఆగట్లేదని తేలాక శాస్త్రవేత్తలు ఏం చేశారు? అంటుకునే చోటునే తీసేశారు. 2003 నాటికి ఆల్ఫా-గాల్ అసలు లేని పంది పుట్టింది. 2005లో ఆ పందుల కిడ్నీలు బబూన్లలో 83 రోజుల దాకా, గుండె 179 రోజుల దాకా పనిచేశాయి. నిమిషాల నుంచి నెలలకి! దశాబ్దాలుగా మందులతో కుదరనిది ఒక జన్యువు తీస్తే కుదిరింది. తరవాత న్యూ5జీసీ, ఎస్‌డీఏ అనే ఇంకో రెండు చక్కెరలు కూడా తీశారు. మూడూ లేని పంది కణాలకి మనుషుల సీరం చాలా తక్కువగా అంటుకుంటుంది.

ఇక్కడో చిక్కు ఉంది. బబూన్‌కి సొంతంగా న్యూ5జీసీ ఉంటుంది. పందిలో దాన్ని తీసేస్తే కింద దాగిన ఇంకేదో బయటపడుతుంది, దానికి బబూన్ సీరం గట్టిగా అంటుకుంటుంది. మనిషి సీరం అంతగా అంటుకోదు. అంటే మనిషికి మంచిదైన పంది బబూన్‌కి చెడ్డది. బబూన్‌లో వచ్చిన ఫలితాన్ని అలాగే మనిషికి రాసుకోలేం. మందు మోతాదు విషయంలో కూడా అంతే.

2024 మార్చిలో బోస్టన్‌లో మాసచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో బతికున్న మనిషికి పెట్టిన పంది కిడ్నీలో 69 మార్పులున్నాయి. 3 చక్కెర జన్యువులు తీశారు, 7 మనిషి జన్యువులు పెట్టారు, 59 చోట్ల పంది జన్యువుల్లోనే దాగి ఉండే రెట్రోవైరస్‌ని పనిచెయ్యకుండా చేశారు. అంత చేసినా సీడీ154 మందు, సీ5 మందు, టాక్రోలిమస్, మైకోఫినోలేట్ అన్నీ ఇచ్చారు. అయినా రెండో వారం మొదట్లోనే టీ కణాల రిజెక్షన్ వచ్చింది, మందులు పెంచితే తగ్గింది. ఆయన సుమారు రెండు నెలలకి గుండె కారణంగా పోయారు, అప్పటికి కిడ్నీ పనిచేస్తూనే ఉంది. అదే ఏడు నవంబరులో న్యూయార్క్‌లో పెట్టిన ఇంకో కిడ్నీ 130 రోజులు నడిచింది. ఇన్ఫెక్షన్ కోసం మందులు తగ్గించాక రిజెక్షన్ వచ్చి తీసెయ్యాల్సొచ్చింది. అంటే చక్కెరలు తీశాక మొదటి నిమిషాల గండం గడిచింది. ఇప్పుడు బరువంతా కొత్తగా పుట్టే యాంటీబాడీ మీద, టీ కణాల మీద ఉంది. అక్కడ మందులకి పని ఉంది, చాలా ఉంది. 2025లో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ పంది కిడ్నీ క్లినికల్ ట్రయల్‌కి అనుమతిచ్చింది. మన దేశంలో ఏ ఆసుపత్రిలోనూ ఇది చికిత్సగా లేదు. ఎవరైనా డబ్బులు కడితే పంది కిడ్నీ పెట్టిస్తామని ఉద్దానం వస్తే నమ్మకండి, ఇంటికెళ్లి చెప్పండి.

చీటీలు వచ్చాయి. రెండు చదువుతాను. ఒకటి: "రక్తం ఎక్కువసార్లు ఎక్కించుకున్నవాళ్లకి పంది కిడ్నీ కూడా పడదా?" మంచి ప్రశ్న. రక్తం ఎక్కిస్తే దాతల తెల్లకణాల వల్ల హెచ్ఎల్ఏ, అంటే ఒక్కో మనిషి కణాల మీదుండే సొంత గుర్తులు, వాటి మీద యాంటీబాడీలు పుడతాయి. పందికి కూడా హెచ్ఎల్ఏ లాంటివి ఉన్నాయి, ఎస్ఎల్ఏ అంటారు. కొందరిలో ఆ యాంటీబాడీ దీనికీ అంటుకుంటుంది, చాలామందిలో అంటుకోదు. మనిషిని బట్టి క్రాస్‌మ్యాచ్ చేసి చూడాల్సిందే. కానీ మనిషి కిడ్నీ కోసమైనా, రేపు దేనికోసమైనా, ఎరిత్రోపోయిటిన్ (ఎర్రకణాలు పెంచే ఇంజెక్షన్), ఐరన్‌తో హిమోగ్లోబిన్ నిలబడుతుంటే అనవసరంగా రక్తం ఎక్కించకండి. తప్పనప్పుడు తెల్లకణాలు వడకట్టిన రక్తం అడగండి, ఎన్ని సీసాలు ఏ తేదీన ఎక్కించారో పుస్తకంలో రాయించుకోండి.

రెండోది డయాలసిస్ నర్సమ్మ రాశారు: "యాంటీబాడీ పరీక్షకి రక్తం ఎప్పుడు, ఎలా తియ్యాలి?" హెపారిన్ ఇవ్వకముందు, సూది పెట్టగానే తియ్యండి. హెపారిన్ కలిస్తే రక్తం సరిగ్గా గడ్డకట్టదు, సీరంలో దారాలు మిగులుతాయి. ఎర్రమూత గొట్టంలో తియ్యండి. ఊదామూత గొట్టంలో ఈడీటీఏ కాల్షియంని పట్టేసుకుంటుంది, కాంప్లిమెంట్ పరీక్ష పోతుంది. ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్ ఉంటే దానికి ముందు, ఐవీఐజీ ఉంటే దానికీ ముందు. గడ్డ కట్టేదాకా ఫ్రిజ్‌లో పెట్టకండి, చల్లబడితే కొన్ని ఐజీఎంలు మనిషి సొంత ఎర్రకణాలకే అంటుకుని గడ్డతో పాటు పోతాయి. సీరం వేరుచేశాక చల్లగా పెట్టండి. గొట్టం మీద పేరు, తేదీ, గంట, ఆఖరి మందు ఏది, ఎప్పుడు ఇచ్చారన్నది రాసి పంపండి.